మావయ్యగారి దూడతోలు బూట్లు

జూన్ 2, సోమవారం

మావయ్యగారు బూట్లు కుట్టించుకున్నారు. బ్యాంకుకని చెప్పి నెలన్నరలో నాలుగుసార్లు బయటికి వెళ్లింది బ్యాంకుకి కాదట, బూట్ల మేస్త్రి దగ్గరికట. ఇవాళ మధ్యాహ్నం పెట్టె వచ్చింది. ధర ఇక్కడ రాయను. డబ్బు ఆయనది, ఇంటి లెక్కల పుస్తకంలోకి ఎక్కించే పని లేదు. మా ముగ్గురికీ మూడు నెలల సరుకులు వచ్చే మొత్తమని మాత్రం తెలుసు.

నా బాధ డబ్బు గురించి కాదు.

ఆయన కుడిపాదం అంచున, చిటికెన వేలి మొదట్లో పుండు పడితే మానడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఉదయం తొమ్మిదింటికి బకెట్టు, దూది, మందు పెట్టుకుని ఆయన కుర్చీ ముందు పీట వేసుకుని కూర్చున్నది నేను. షుగరు వల్ల మావయ్యగారికి మోకాళ్ల కింద స్పర్శ లేదు. ఒకసారి మేకు దిగి, గచ్చు మీద రక్తపు అడుగులు చూసి నేను కేక పెడితే, "ఎవరికి తగిలిందమ్మాయ్?" అని కంగారుగా నన్నే అడిగారు. కళ్లు సరిగ్గా ఆనవు. నడుము వంగదు. తన పాదం తను చూసుకోలేరు.

ఏప్రిల్ మొదట్లో పుండు మూసుకుంది. పాదాల డాక్టరమ్మ ఆ రోజే తేల్చి చెప్పింది: "మళ్లీ పడిందంటే ఈసారి వేలితో ఆగదు, పాదం పోతుంది. రోజూ చూడండి. రోజూ రాయండి." గళ్లు గీసిన కాగితం పట్టీ ఒకటి ఇచ్చింది. తేదీ, ఎరుపు, వాపు, పొక్కు, వాసన. ఏమీ లేకపోతే టిక్కు. వంటగది తలుపు వెనక అంటించాను. ఇప్పటివరకు ఒక్క గడీ ఖాళీ లేదు.

డాక్టరమ్మ రాసిచ్చిన వెడల్పు బూట్లు అటకెక్కాయి. "అవి బూట్లు కావమ్మాయ్, రొట్టెల డబ్బాలు" అన్నారు మావయ్యగారు.

జూన్ 3, మంగళవారం

ఇల్లంతా తోలు వాసన. అన్నంలో కూడా అదే.

మావయ్యగారు నలభై ఒక్క ఏళ్లు మగవాళ్ల బూట్ల షాపులో సేల్స్‌మన్‌గా చేశారు. ఖరీదైన షాపు. చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ల పాదం తన తొడ మీద పెట్టుకుని, బూటు తొడిగి, వేలితో ముందు భాగం నొక్కి "ఎక్కడైనా నొక్కుతోందా సార్?" అని అడగడం. ఆ మాట ఇప్పటికీ నిద్రలో అంటారు. ఆ షాపు ఈ నెల పదిన కొత్త భవనంలోకి మారుతోందట. పాతవాళ్లందరినీ పిలిచారట. దానికోసమే ఈ జోడు.

పొద్దున్న టీ కూడా తాగకుండా పాఠం మొదలుపెట్టారు. మా ఆయన బుద్ధిగా వింటున్నారు.

"పట్టుకుని చూడరా. దూడతోలు. పెద్ద పశువు తోలైతే రంధ్రాలు కనిపిస్తాయి. ఇక్కడ కనిపిస్తున్నాయా?"

"లేవు నాన్నా. అద్దంలా ఉంది."

"అడుగు కూడా తోలే. రబ్బరు కాదు. అంచు చుట్టూ ఈ కుట్టు చూశావా, అడుగు అరిగితే ఊడదీసి కొత్తది వేయొచ్చు. ఇరవయ్యేళ్లు వస్తాయి."

డెబ్భై తొమ్మిదేళ్ల మనిషికి ఇరవయ్యేళ్లు వచ్చే బూట్లు.

"వేసుకోవడానికి కాదు కదా మావయ్యగారూ?" అన్నాను.

"బూట్లు వేసుకోక నెత్తిన పెట్టుకోమంటావా?" అన్నారు. తండ్రీ కొడుకులు నవ్వుకున్నారు.

తోలుకి చెమ్మ తగలకూడదట. ఇంట్లో చెమ్మ లేని అలమర ఒక్కటే ఉంది, వంటగదిలో. పప్పుల సీసాలు జరిపి అందులో పెట్టారు. బూట్ల లోపల దేవదారు చెక్క అచ్చులు, ముడతలు పడకుండా. పప్పు తీద్దామని తలుపు తెరిస్తే పైఅరలో మనిషి లేని రెండు పాదాలు నిలబడి ఉన్నాయి. రోత పుట్టింది.

జూన్ 4, బుధవారం

పాదాలు చూశాను. బాగున్నాయి. టిక్కు.

ఆ చర్మం ఉడకబెట్టి ఒలిచిన దుంపలా ఉంటుంది. గోళ్లు పసుపుపచ్చగా, మందంగా. మానిన చోట గుంట. అందులో వేలు పెట్టి చూడాలి. చూశాక మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటాను. అలవాటు. ప్రేమతో చేస్తున్నానని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. మా ఆడపడుచు ఫోనులో అంటుంది: "వదినా, నువ్వు దేవతవి." దేవతని పొగిడి ఫోను పెట్టేస్తుంది.

జూన్ 5, గురువారం

బూట్ల పెట్టె మీద మేస్త్రి నంబరు ఉంది. చేశాను.

"అమ్మా, మీరు కోడలుగారా? నేను ముందే చెప్పాను. పాదం పక్కకి పరుచుకుంది, చిటికెన వేలి దగ్గర వదులు వదులుదామన్నాను. పెద్దాయన వింటేనా! మాకు కొలత నేర్పినవాళ్లకి కొలత నేర్పినవాడు ఆయన. నేనేం అనగలను?"

"తొడిగి చూసుకున్నారు కదా, నొక్కలేదా?"

"అదేనమ్మా. మొదటిసారి తొడిగి 'వదులుగా ఉంది, పట్టు తెలియట్లేదు, బిగించు' అన్నారు. బిగించాను. రెండోసారీ అంతే. మూడోసారికి 'ఆఁ, ఇప్పుడు పట్టింది' అన్నారు."

స్పర్శ లేని పాదానికి పట్టు తెలియాలంటే ఎంత బిగించాలి? నలభై ఒక్క ఏళ్లు ఊరందరినీ అడిగిన ప్రశ్న తనని తను అడుక్కున్నారు. జవాబు చెప్పాల్సిన పాదం ఎప్పుడో మూగబోయిందని ఆ ప్రశ్నకి తెలియదు.

జూన్ 6, శుక్రవారం

ఉదయం చూడడం అయ్యాక, జాకెట్టుకి కాగితం కోసినట్టే, మావయ్యగారి కుడిపాదాన్ని కాగితం మీద నిలబెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశాను. కత్తిరించాను. బూటులోని చెక్క అచ్చు తీసి ఆ కాగితాన్ని లోపల పెట్టాను. చిటికెన వేలి వైపు కాగితం అర అంగుళం పైన ముడుచుకుని లేచింది. ఎవరికైనా కనిపిస్తుంది. రేపు ఆయనకి చూపిస్తాను. మా ఆయన కూడా ఇంట్లో ఉంటారు.

జూన్ 7, శనివారం

చూపించాను.

మావయ్యగారు కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "ఇదేమిటి, పిండివంటల అచ్చా?" అన్నారు. మా ఆయన నవ్వారు.

"మీ పాదం మావయ్యగారూ. బూటులో పట్టట్లేదు."

"తోలమ్మాయ్ ఇది, రేకు కాదు. నాలుగు రోజులు వాడితే సాగుతుంది."

"సాగేలోపు పుండు పడితే?"

"నొక్కితే నాకు తెలియదా?"

"తెలియదు" అన్నాను. "మేకు దిగితేనే తెలియలేదు."

అక్కడ ఆగాల్సింది. ఆయన ముఖం ఎర్రబడింది. కొడుకు వైపు తిరిగి, "రోజూ నా కాళ్లు పట్టుకుంటోంది కదా, కాళ్ల శాస్త్రం వచ్చేసిందనుకుంటోంది మీ ఆవిడ" అన్నారు.

ఏడు నెలలు. బకెట్టు, దూది, చీము.

"కాళ్లు పట్టుకుంటే శాస్త్రం రాదనుకుంటే, నలభై ఒక్క ఏళ్లు పట్టుకుని మీరేం నేర్చుకున్నట్టు?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మావయ్యగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశారు. మా ఆయన వంటగదిలోకి వచ్చి, "పెద్దాయన్ని అంత మాట అనాలా?" అన్నారు. ఆయన నన్నన్న మాట ఈయన చెవిన పడనే లేదు. ఎప్పుడు ఏది వినాలో ఈయన చెవులకి బాగా తెలుసు.

పాదాలు చూసేశాక జరిగింది ఇదంతా. టిక్కు.

జూన్ 8, ఆదివారం

తొమ్మిదింటికి మావయ్యగారు సాక్సులు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు. రోజూ ఒక కాలితో ఇంకో కాలిది తోసుకుని ఎలాగో విప్పి కూర్చుంటారు. నేనొచ్చి బతిమాలాలని కాబోలు. నేను గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను.

చూడలేదు. నిన్ననే చూశాను, ఒక్క రోజులో ఏం మునిగిపోతుంది? గడి ఖాళీగా ఉంటే డాక్టరమ్మకి జవాబు చెప్పాలి. టిక్కు పెట్టాను.

నాకేం కోపం లేదు.

జూన్ 9, సోమవారం

సాక్సులే. నేనూ అడగలేదు. టిక్కు.

చేతులు ఒక్కసారే కడుక్కుంటే సరిపోతోంది. ఎంత హాయిగా ఉందో.

జూన్ 10, మంగళవారం

షాపు ప్రారంభం.

ఉదయం ఏడింటికే మొదలుపెట్టారు. మెత్తటి గుడ్డ వేలికి చుట్టుకుని, చుక్క నీళ్లు, చిటికెడు పాలిష్, చిన్న చిన్న చుట్లు. గంటసేపు. వంగలేని మనిషి బూటుని ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు రుద్దారు. ముందు భాగం నల్లటి నీళ్లలా మెరిసింది. అందులో కిటికీ కనిపించింది. నేను కనిపించాను. ఏం చెప్పను, అందంగా ఉన్నాయి. అది మరీ అసహ్యం.

లేసులు మా ఆయన కట్టారు. "బిగించి కట్టరా. ఇంకాస్త."

మావయ్యగారు లేచి నిలబడ్డారు. తోలు అడుగు గచ్చు మీద టక్‌మని మోగింది. ఏడాదిగా ఈ ఇంట్లో ఆయన నడక అంటే చెప్పులు ఈడ్చే చప్పుడే. ఇవాళ టక్ టక్ మని గేటు దాకా వెళ్లారు. నావైపు చూడలేదు. నేను చూస్తున్నానో లేదో మాత్రం చూసుకున్నారు.

తొమ్మిది నుంచి మూడు దాకా. ఆరు గంటలు వాటిలోనే ఉన్నారు.

సాయంత్రం ఆడపడుచు ఫోను. "వదినా, నాన్న ఫొటో చూశాను. ఎంత హుందాగా ఉన్నాడు! షాపు ఓనరు కొడుకు వంగి నాన్న బూట్లు చూశాడట, తెలుసా? ఇన్నేళ్లూ నాన్న వాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నువ్వు కూడా కాస్త సంతోషించొచ్చు కదా."

"సంతోషంగానే ఉన్నాను" అన్నాను.

మావయ్యగారు వచ్చీ రాగానే పడుకున్నారు. బూట్లు మా ఆయన విప్పారు, సాక్సులు కాదు. ఆయన కొడుకే, కళ్లున్నవాడే, చేతులున్నవాడే. సాక్సు కింద ఏముందో చూడడం మాత్రం నా శాఖ.

టిక్కు ఉదయమే పెట్టేశాను.

జూన్ 11, బుధవారం

ఇంట్లో కూడా బూట్లే. హాలు, వరండా, మళ్లీ హాలు. తోలు సాగడానికట. టక్ టక్ టక్. తల పగిలిపోతోంది. ఆ చప్పుడు నన్ను ఎగతాళి చేస్తున్నట్టే ఉంది.

చూడలేదు. టిక్కు.

ఇల్లంతా వాసన. తోలు, పాలిష్, ఇంకేదో. ఆ జోడుని వంటగదిలోంచి తీసేయించాలి.

జూన్ 12, గురువారం

పొద్దున టిక్కు పెట్టేశాను. అది కూడా రాయాలి. చూడకుండానే, టీ మరుగుతుంటే పెట్టాను.

పదకొండింటికి పప్పుల అలమర తెరిచి, వాసన పట్టి చూశాను. బూట్ల దగ్గర తోలు వాసన. అంతే. వంటగదిలో ఆ ఇంకో వాసన లేదు. హాల్లో ఉంది. మావయ్యగారి కుర్చీ దగ్గర ఉంది.

"సాక్సులు విప్పండి" అన్నాను.

"ఇప్పుడు గుర్తొచ్చానా?" అన్నారు.

నేనే మోకాళ్ల మీద కూర్చుని లాగాను. ఎడమది వచ్చింది. కుడిది రాలేదు. చిటికెన వేలి దగ్గర అతుక్కుపోయింది. గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెట్టి ఒలిచాను. సాక్సుతోపాటు చర్మం వచ్చింది. కింద బూడిదరంగు, దాని చుట్టూ ముదురెరుపు, ఆ ఎరుపు పాదం పైకి ఎక్కుతోంది. పచ్చటి చీము నా బొటనవేలి మీదికి కారింది. ఎంత సబ్బు పెట్టినా పోదు ఆ వాసన.

"ఏమిటమ్మాయ్? మాట్లాడవేం?" అన్నారు మావయ్యగారు. ఆయనకి ఏమీ తెలియడం లేదు. కాలు హాయిగా చాచుకుని కూర్చున్నారు.

స్నానాల గదిలోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. పుండు చూసి వచ్చిందనుకున్నాను. కాదు, పొద్దుటి టిక్కు గుర్తొచ్చి.

జూన్ 13, శుక్రవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని.

బయలుదేరేముందు తలుపు వెనక పట్టీ ఊడదీసి సంచిలో పెట్టుకున్నాను. ఎప్పుడూ తీసుకెళ్తాను కదా, చెయ్యి దానంతటదే తీసింది.

డాక్టరమ్మ చేతి తొడుగులతో నొక్కి చూసింది. సన్నటి ఊచ లాంటిది పుండులో దింపి చూసింది. మావయ్యగారు పైకప్పు మీది ఫ్యాను చూస్తున్నారు. తర్వాత పట్టీ అడిగింది. ఇచ్చాను.

"నిన్న ఎరుపు లేదు. వాసన లేదు. మొన్న లేదు." వేలు పెట్టి చదువుతూ వచ్చింది. "ఇవాళ ఉదయం కూడా లేదు. ఇప్పుడు చూస్తే చీలమండ దగ్గరికి వచ్చేసింది."

మా ఆయన అన్నారు: "మా ఆవిడ చాలా జాగ్రత్త డాక్టర్. ఒక్క రోజు కూడా తప్పదు."

"అదే భయం" అంది డాక్టరమ్మ. "కొన్ని గంటల్లో ఇంత పాకే ఇన్‌ఫెక్షన్ అయితే ఆగకూడదు. సాయంత్రానికి కాలంతా పాకుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఈ మధ్యాహ్నమే చీలమండ పైనుంచి తీసేద్దాం. సంతకం ఎవరు పెడతారు?"

మావయ్యగారు ఫ్యాను మీదినుంచి కళ్లు దించారు. "మొత్తం పాదమా?" అన్నారు. షాపులో ఎవరో జోడులో ఒకటే కావాలన్నట్టు అడిగారు.

మా ఆయన పెన్ను తీశారు.

ఆ క్షణంలో నేనేం ఆలోచించానో నిజంగా రాయాలి. ముందు పాదం గురించి ఆలోచించలేదు. ఆ అయిదు టిక్కులు ఎంత చక్కగా, ఒకే కొలతలో ఉన్నాయో చూశాను. చూడకుండా పెట్టినవే ఇంకా అందంగా ఉన్నాయి. పీట మీదినుంచి లేచొచ్చి తడి చేత్తో పెట్టినవి వంకరగా ఉన్నాయి. ఎవరూ కనిపెట్టలేరు. సంతకం అయిపోతే తప్పంతా బూట్లది. ఆయన మొండితనానిది. నాది కాదు. కాగితం కత్తిరించి మరీ చూపించాను కదా.

అలా అనుకున్నాను. ఎంతసేపో తెలియదు. పెన్ను మూత తీసేంతసేపు.

"అవి నిజం కాదండీ" అన్నాను.

"ఏవి?"

"ఎనిమిదో తారీకు నుంచి నేను పాదం చూడలేదు. చూడకుండా టిక్కు పెట్టాను. బూట్లు పదో తారీకున తొడిగారు, ఆరు గంటలు. నిన్న రోజంతా తిరిగారు. వాసన నిన్నటి నుంచే ఉంది. తోలు వాసన అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

మా ఆయన పెన్నుకి మళ్లీ మూత పెట్టారు.

"తప్పుడు లెక్క రాశావా? నువ్వా?" అన్నారు మా ఆయన. ఏడు నెలల్లో ఒక్కరోజు బకెట్టు అందించని మనిషి. ఆ "నువ్వా" కి నా దగ్గర జవాబు ఉంది. చెప్పే ముఖం నాకు లేకపోయింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. పట్టీని రెండుగా చింపి చెత్తబుట్టలో వేసి, "అంటే రెండు రోజులు, మూడు రోజులది. గంటల్లో పాకింది కాదు. అయితే కథ వేరు" అంది. రక్తం తీయించింది, ఎక్స్‌రే తీయించింది. పుండు కోసి శుభ్రం చేయించింది. నరంలోకి మందు ఎక్కించింది. తర్వాత నీలం పెన్నుతో ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా పాదం చుట్టూ గీత గీసింది.

"ఎరుపు ఈ గీత దాటితే పాదం తీసేస్తాం. దాటకపోతే చూద్దాం. గంటగంటకీ ఒకరు చూడాలి." నావైపు తిరిగింది. "చూస్తారా?"

సాయంత్రం ఆరు దాకా చూశాను. రాత్రి నర్సులు చూశారు. మళ్లీ ఇవాళ ఉదయం నుంచి చూస్తున్నాను. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఏ మనిషి ముఖాన్నీ చూడలేదు నేను. ఎరుపు గీతని ఆనుకుని ఉంది. దాటలేదు.

జూన్ 14, శనివారం

దాటలేదు.

మావయ్యగారు నాతో మాట్లాడడం లేదు. అది మామూలే అనుకోవచ్చు. కానీ మౌనంగా ఉండడం వేరు, మాట్లాడకపోవడం వేరు.

జూన్ 15, ఆదివారం

గీతకీ ఎరుపుకీ మధ్య గోరంత తెల్లటి చర్మం. డాక్టరమ్మకి చూపించాను. "ఊఁ" అంది.

మధ్యాహ్నం మావయ్యగారు కళ్లు మూసుకునే అడిగారు. "ఎన్ని రోజులు చూడలేదూ?"

"అయిదు."

"నేనూ అయిదు రోజులు సాక్సులు విప్పలేదు" అన్నారు. "నువ్వొచ్చి అడుగుతావని."

క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు.

జూన్ 17, మంగళవారం

చిటికెన వేలు తీసేశారు. పక్కన చిన్న ఎముక ముక్క కూడా. పాదం ఉంది.

జూన్ 22, ఆదివారం

ఇంటికి వచ్చాం. రెండు రోజులయింది. కట్టు మార్చే పని ఇకనుంచి కొడుకు చేస్తాడని నిర్ణయమయింది. ఎవరు నిర్ణయించారో నన్ను అడగలేదు. ఆడపడుచు ఫోనులో మా ఆయనకి చెప్పింది, ఆ మాట పక్కగదిలోకి వినిపించేంత గట్టిగా: "వదినని నమ్మి ఎలా వదిలేస్తాం అన్నయ్యా?" దేవత పదవి పోయింది. పోతే పోయింది.

మావయ్యగారు కుడి బూటు తెప్పించుకున్నారు. అచ్చు తీసి చెయ్యి లోపలికి దూర్చారు. కళ్లు మూసుకుని, వేళ్లతో లోపలి గోడంతా నెమ్మదిగా తడిమారు. కాలికి పోయినా చేతికి స్పర్శ ఉంది. ఒక చోట ఆగారు.

"ఇదిగో. ఇక్కడ కుట్టు కింద గట్టిగా ఉంది. కుట్టుదారానికి రాసే గుగ్గిలం, బియ్యపుగింజంత గడ్డకట్టింది." మా ఆయన్ని పిలిచి ఆయన చేతిని కూడా పెట్టించారు. "చెయ్యి పెట్టి చూడకుండా ఏ కస్టమరుకీ బూటు తొడగలేదురా నేను. ఒక్కరికి కూడా."

బాధపడుతున్నారనుకున్నాను. ఆ తర్వాత పాలిష్ డబ్బా అడిగారు. గుడ్డ వేలికి చుట్టుకుని ముందు భాగం రుద్దడం మొదలుపెట్టారు.

"ఇంకా ఎందుకండీ ఆ దరిద్రాలు?" అన్నాను, ఉండబట్టలేక.

"తప్పు తొడిగినవాడిది" అన్నారు తలెత్తకుండా. "బూటుదేముంది? ఈ కుట్టు చూడు, అంగుళానికి పదకొండు."

ఆయన ముఖంలో సంతోషం. వేలు పోయిన మనిషి ముఖంలో. కూర మాడిపోతోందని చెప్పి లేచి వచ్చేశాను. పొయ్యి మీద కూర లేదు.

జూన్ 25, బుధవారం

మా ఆయన కట్టు మార్చడం గుమ్మంలోంచి చూశాను. ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. ముఖం పక్కకి తిప్పుకుని దూది విసిరినట్టు అద్దుతారు. "బానే ఉంది నాన్నా" అంటారు. అరనిమిషంలో అయిపోతుంది.

ఇంకొకరిని అనే హక్కు నాకు లేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, అంతే.

జూన్ 27, శుక్రవారం

"బానే ఉంది నాన్నా."

"బానే ఉండడం అంటే ఏమిట్రా? రంగేమిటి?"

"మామూలుగానే."

"మామూలు రంగు అని ఉంటుందా? కుట్లు ఎన్ని ఉన్నాయి?"

మా ఆయన కట్టు చుట్టేయడం మొదలుపెట్టారు. మావయ్యగారు చేత్తో కుర్చీ మీద కొట్టారు. "నువ్వు చూడట్లేదు. ఆవిడ చూడకుండా అయిదు రోజులే రాసింది. నువ్వు చూస్తూ చూడట్లేదు. అమ్మాయిని పిలు."

"తననా? మళ్లీనా?"

"అబద్ధం తనే చెప్పింది, తనే ఒప్పుకుంది. నువ్వు ఈ రెండిట్లో ఏదీ చేయలేదు. పిలు."

మా ఆయన వచ్చి, "నిన్నే" అన్నారు. తొడుగులు తీసి నా చేతిలో పెట్టారు. ఆయన కళ్లలో బరువు దిగిన సంతోషం చూసి అసహ్యం వేసింది. చాలా రోజుల తర్వాత మామూలు అసహ్యం. దానికి నేను అలవాటుపడ్డాను.

పీట వేసుకున్నాను.

"టిక్కులు వద్దు" అన్నారు మావయ్యగారు. "చూస్తున్నది చూస్తున్నట్టు పైకి చెప్పు. నాకు కాలు తెలియదు, కనపడదు. నువ్వు చెప్తేనే నాకు కాలుంది."

జూన్ 30, సోమవారం

ఇవాళ కూడా తొమ్మిదింటికి. మా ఆయన ఆఫీసుకి వెళ్లిపోయారు. కట్టు విప్పాను. మావయ్యగారు తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు.

"చెప్పు."

"కుట్లు ఏడు. మొదటి మూడు దగ్గర చర్మం అతుక్కుంది. గులాబీ రంగు. నాలుగో దాని దగ్గర ఇంకా తెరుచుకునే ఉంది, బియ్యపుగింజంత. లోపల ఎర్రగా, తడిగా ఉంది."

"చీమా?"

"కాదు. నీరు. పల్చగా, కాస్త పసుపుగా. దూదికి అంటుకుంది. చూపించమంటారా?"

"నాకు కనపడదని తెలిసి అడుగుతావేం? వాసన?"

వంగాను. ముక్కు అంత దగ్గరగా ఎప్పుడూ పెట్టలేదు. "మందు వాసన ఉంది. దాని కింద పచ్చి మాంసం వాసన. కుళ్లు కాదు."

"ఎరుపు?"

"అంచున మాత్రమే. సన్నగా, దారంలా. మొన్నటికంటే వెనక్కి తగ్గింది. వేలు ఉన్న చోట చర్మం ముడత పడింది, సంచి మూతి కట్టినట్టు."

ఆయన వింటున్నారు. షాపులో పాదం తొడ మీద పెట్టుకుని కస్టమరు జవాబు కోసం ఎలా ఎదురు చూసి ఉంటారో అలా వింటున్నారు. కాసేపటికి అడిగారు:

"చూస్తుంటే నీకెలా ఉంది?"

ఏం చెప్పను? దేవతలాగా చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"అసహ్యంగా ఉంది మావయ్యగారూ" అన్నాను.

ఆయన కళ్లు తెరవలేదు. "నిన్నటికంటేనా?"

ఆలోచించాను. మళ్లీ ఒకసారి చూసి చెప్పాను.

"నిన్నటికంటే కొంచెం తక్కువ."

"అయితే మానుతోంది" అన్నారు.